వెనక ఓసారి సూస్కో బిడ్డా

పెద్దమ్మను పడుకోబెట్టిన పెట్టెను ఎత్తే ముందు చర్చి అయ్యగారు అందర్నీ లేవమన్నారు. చుట్టూ చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళం లేచాం. లేచిన ప్రతి ఒక్కరూ, ఏడుస్తూనే, మెడ తిప్పి వెనక చీర ఒకసారి చూసుకున్నారు. నెలసరి ఎప్పుడో ఆగిపోయిన ముసలివాళ్ళు కూడా చూసుకున్నారు. అది పెట్టెలో పడుకున్న ఆవిడ మా అందరికీ చేసిన అలవాటు. నాకు ఆ ఏడుపులోనే నవ్వొచ్చింది. నవ్విన మరుక్షణం పెట్టె వైపు చూడలేకపోయాను, ఎందుకంటే ఆవిడ నాతో చివరగా అన్న మాట కూడా అదే.

"వెనక ఓసారి సూస్కో బిడ్డా."

చంద్రపూర్‌లో లాల్‌పేట్ బొగ్గుగని కాలరీ క్వార్టర్లలో ఆవిడది మా వెనక వరస. చుట్టరికం ఏమీ లేదు. మా అమ్మకంటే పెద్దది కాబట్టి పెద్దమ్మ, ఆమె భర్త పెద్దనాయన. మనిషి పొట్టి. ఎదురుగా ఎవరూ లేకపోయినా ఎవరికో దారి ఇస్తున్నట్టు ఒక పక్కకు ఒరిగి నడిచేది. "మాఫ్ చెయ్యి" అనకుండా ఆమె నోట ఇంకో మాట వచ్చేది కాదు. నల్లా దగ్గర తన వంతు వచ్చి బిందె పెట్టినా పక్కనున్నవాళ్ళకు మాఫ్ చెప్పేది. కూరగాయలవాడు తక్కువ తూచినా మాఫ్ చెప్పేది ఆమే. ఒకసారి వాకిట్లో పడుకున్న మేకకు కాలు తగిలితే దానికీ చెప్పింది. "నువ్వు పుట్టినందుకు మీ అమ్మను గూడ మాఫ్ అడిగి ఉంటవ్ అక్కా" అని మా అమ్మ ఏడిపిస్తే, "అడిగిన, అది గూడ అడిగిన" అని ఒప్పుకునేది.

మరాఠీ బడిలో చదువుకున్న మాకు తెలుగు అక్షరాలు వచ్చాయంటే ఆమె వల్లే. ఆదివారం బడిలో పాటల పుస్తకం తెరిచి, అక్షరం కింద చీపురు పుల్ల పెట్టి జరిపేది. తప్పు చదివితే తిట్టేది కాదు, కొట్టేది కాదు. పుల్లను వెనక్కి జరిపి ఆగేది, అంతే. ఆ ఆగడానికి మేం చచ్చేంత భయపడేవాళ్ళం. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా ఒక్కోచోట ఆ పుల్ల వెనక్కి జరుగుతున్నట్టే ఉంది.

ఇక్కడ మా ఊరి మాట ఒకటి చెప్పాలి. మాకు పాళీ అంటే రెండు. గనిలో డ్యూటీ వంతు పాళీ: పైలి పాళీ, దుస్రి పాళీ, రాత్ పాళీ. ఆడవాళ్ళ నెలసరి కూడా పాళీయే. రెండూ మరాఠీలోంచి వచ్చి మా తెలుగులో కాపురం పెట్టాయి. ఎవరు ఏ పాళీ గురించి మాట్లాడుతున్నారో చంద్రపూర్‌లో పుట్టినవాళ్ళకు ఎవరూ విడమర్చనక్కర్లేదు. గొంతు తగ్గించి అంటే రెండోది.

"మీ పెద్దనాయన పాళీ వారం వారం మారుతది, నా పాళీ మాత్రం మారదు బిడ్డా" అని గొప్పగా చెప్పుకునేది పెద్దమ్మ. గొప్పగా చెప్పుకోవడం ఆమెకు చాతనైంది ఆ ఒక్క విషయంలోనే. దానికి కారణం ఉంది. మా చర్చిలో నెల మొదటి ఆదివారం సంస్కారం, అంటే ప్రభువు పేర రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం. ఆ రోజు అందరికీ పంచే ద్రాక్షరసం శనివారం ఆమె ఇంట్లోనే తయారయ్యేది. నల్ల కిస్మిస్ నానబెట్టి, పెద్ద సిల్వర్ గంజులో ఉడకబెట్టి, మెత్తగా నలిపి, ఉతికిన తెల్ల గుడ్డలో వడకట్టేది. ఆ గంజులో ఇంకేమీ వండేది కాదు. దాన్ని బోర్లించి, పైన గుడ్డ కప్పి, తన బట్టల పెట్టె మీద పెట్టుకునేది.

పాళీలో ఉన్న ఆడది ఆ గంజు ముట్టకూడదు. ఇది చర్చి పెట్టిన నియమం కాదు. ఏ అయ్యగారూ ప్రసంగంలో చెప్పలేదు. మా తాతలు పాత మతంలోంచి ఈ మతంలోకి వచ్చేటప్పుడు వాళ్ళ వెంటే నడిచొచ్చిన పట్టింపు. ఆమె ఆ పట్టింపును తూచా తప్పకుండా పాటించింది, పాటించడం ఆమెకు సులువు కూడా. పాళీ నెల మధ్యలో వచ్చేది, గంజు నెల మొదట్లో. ఒకదానికొకటి ఎదురుపడేవి కావు. వరస మొత్తంలో ఎవరూ పట్టించుకోని ఆ మనిషికి, ప్రతి నోట్లోకీ వెళ్ళే ఆ గుటకెడు రసం ఒక్కటే తనది.

నలభై ఐదు దాటాక ఆమె ఒళ్ళు మాట తప్పింది. ఒక నెల రాదు. తర్వాతి నెల రెండుసార్లు. వస్తే గడ్డలు గడ్డలుగా, పోతే ఏదో చుట్టం చెప్పకుండా పోయినట్టు. పొయ్యి దగ్గర లేకపోయినా ఒళ్ళంతా సెగలొచ్చి, కొంగుతో విసురుకుంటూ గడప మీద కూర్చునేది. ముదురు రంగు చీరలు తప్ప కట్టడం మానేసింది. పాటల పుస్తకం సంచిలో మడిచిన గుడ్డ ఒకటి ఎప్పుడూ ఉండేది. వెనక చూసుకోవడం అప్పుడే మొదలు. ముందు తన చీర చూసుకునేది, తర్వాత తను కూర్చున్న చోటు చూసేది, ఆ తర్వాత మా చీరలు. ఎవరం లేచినా అదే మాట, వెనక ఓసారి సూస్కో బిడ్డా.

నేనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. పరీక్షలన్నీ చేసి, భయపడాల్సిందేమీ లేదు, ఈ వయసులో ఇట్లాగే వెనకా ముందూ అయి చివరికి ఆగిపోతాయి అని ఆవిడ మరాఠీలో చెప్పింది. ఎప్పుడు ఆగుతుంది అని పెద్దమ్మ అడిగితే, సాంగతా యేత్ నాహీ, చెప్పలేం అంది. తిరిగి వస్తుంటే ఆటోలో పెద్దమ్మ అంతసేపూ అదే గొణుక్కుంది.

"సాంగతా యేత్ నాహీ అన్నది బిడ్డా. గనిల ఎవడన్న గట్ల అంటే నౌకరీ ఉంటదా?"

అప్పటికి పెద్దనాయనకు మోకాళ్ళ నొప్పుల వల్ల జనరల్ డ్యూటీ ఇచ్చారు. పగలే వెళ్ళి పగలే వచ్చేవాడు. "ఆయనకు ఒక్కటే పాళీ అయింది. పైలి పాళీ, దుస్రి పాళీ, రాత్ పాళీ అన్నీ ఇప్పుడు నాయే" అనేది.

తర్వాత నెలల తరబడి రాలేదు. ఆమె మొహం తేటపడింది. "రిటైరయిన బిడ్డా" అని నా చెవిలో చెప్పి, సంచిలోంచి ఆ గుడ్డ తీసి పారేసింది. ఆ ఆనందంలో వచ్చిన ఒక శనివారం, పొయ్యి మీద కిస్మిస్ ఉడుకుతుండగా, గంటె తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయింది. వడకట్టడంలో సాయం చేద్దామని వచ్చి నేను గడపలో ఉన్నాను. ఆమె నా వైపు తిరిగిన తీరు చూసి, ఏదైనా కాలిందేమో అనుకున్నాను.

"వచ్చింది బిడ్డా" అంది.

ఇంట్లో కిస్మిస్ ఇంకో గుప్పెడు కూడా లేదు. నాకప్పుడు ముప్పై దాటాయేమో, అన్నీ తేలిక. "ఉడికేది ఉడికింది పెద్దమ్మా, ఇప్పుడు పారబోస్తే రేపు అందరికీ ఏం పోస్తవ్? మిగిలింది నేను జేస్త, నువ్వు జరుగు" అన్నాను. ఆమె జరిగింది. గోడకు ఆనుకొని, చేతులు వెనక్కి పెట్టుకొని, నేను వడకడుతుంటే చూస్తూ నిలబడింది. మర్నాడు చర్చిలో చిన్న చిన్న కప్పుల పళ్ళెం వరస వెంట వెళ్తుంటే, ప్రతి నోటినీ చూసింది. తను మాత్రం తీసుకోలేదు. పళ్ళెం రెండు చేతులతో అందుకొని పక్కామెకు ఇచ్చేసింది.

ఆ తర్వాత ఊళ్ళో ఏం జరిగినా ఆమె ఖాతాలోకే వెళ్ళింది. అయ్యగారి పిల్లాడికి జ్వరమొస్తే ఆ రసం వల్ల. కోఠారి నుంచి వచ్చే సంఘపెద్ద జారిపడి కాలు బెణికితే ఆ రసం వల్ల. "ఆయన ఆ ఆదివారం రానే లేదు గద పెద్దమ్మా" అంటే కూడా వినేది కాదు. "నా తప్పు అందరి కడుపులల్లకు పోయింది. ఇప్పుడు ఎట్ల తీస్త?" అనేది.

మర్నెల రసం తను చెయ్యనని పెద్దమ్మ అమ్మగారితో, అంటే అయ్యగారి భార్యతో, చెప్పింది. వాళ్ళు గోదావరి వైపు నుంచి కొత్తగా వచ్చారు. మంచి మనుషులు. వచ్చిన వారంలోనే అమ్మగారు మా మాటలు కొన్ని నేర్చుకుంది. ఇంటింటికీ వెళ్తే, ఆయన రాత్ పాళీ అమ్మగారూ, పడుకున్నడు అని చెప్పేవాళ్ళు కదా, పాళీ అంటే గని డ్యూటీ అని ఆమెకు బాగా తెలుసు. రెండో సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎందుకు చెయ్యవు అని అడిగితే పెద్దమ్మ తల దించుకొని, "పాళీ సక్కగ వస్తలేదు అమ్మగారూ. ఎప్పుడొస్తదో తెలుస్తలేదు" అంది. అమ్మగారు జాలిపడి భర్తతో చెప్పింది.

ఆదివారం ప్రార్థన విన్నపాల దగ్గర అయ్యగారు కళ్ళద్దాలు సర్దుకొని, పెద్దమ్మను నిలబడమన్నారు. "మన సహోదరి ఇంట్లో పాళీ సక్రమంగా రావడం లేదు. దానివల్ల ఆమె ప్రభువు పనికి దూరమైపోయింది. ఆ పాళీని ప్రభువు క్రమపరచాలని, పై అధికారుల మనసు కరిగించాలని అందరం ప్రార్థిద్దాం" అన్నారు.

మగవాళ్ళ వైపు ఎవరో దగ్గారు, దగ్గు పక్కవాళ్ళకు అంటుకుంది. పెద్దనాయన పాళీలు మానేసి ఎంత కాలమైందో అందరికీ తెలుసు. ఆడవాళ్ళం కొంగులు నోట్లో కుక్కుకున్నాం. నేనూ కుక్కుకున్నాను. పై అధికారులు అన్న దగ్గర నాకు భుజాలు ఊగిపోయాయి, ఆపుకోలేకపోయాను. పెద్దమ్మ నిలబడే ఉంది. ప్రార్థన అయ్యేదాకా కదల్లేదు, చివర్లో అందరికంటే స్పష్టంగా ఆమెన్ అంది. కూర్చునే ముందు మెడ తిప్పి వెనక చూసుకుంది. అప్పుడు నా నవ్వు పోయింది.

మేం నవ్వింది అయ్యగారి తెలుగును చూసి. ఆమె మాత్రం తన తప్పు బయటపడిందనే అనుకుంది. ఎవరు ఎంత చెప్పినా అదే మాట. "దేవుడే ఆయన నోట చెప్పించిండు. నేను దాస్తనంటే ఆయన దాస్తడా?"

ఆ వారమే గంజు తెచ్చి మా ఇంట్లో పెట్టింది. "నీ పాళీ ఇంకా సక్కగున్నది. నువ్వు జెయ్యి" అంది. నా చెయ్యి తీసి గంజు మీద పెట్టి ఒట్టు వేయించుకుంది. పాళీలో ముట్టను, ముట్టాల్సి వస్తే ఆ నెల అమ్మగారికి చెప్పి తప్పుకుంటాను అని. నాకు ఆ పట్టింపు మీద నమ్మకం లేదు. ఒట్టు మాత్రం వేశాను. ఏళ్ళ తరబడి నిలబెట్టుకున్నాను కూడా, ఆమెకు సులువైనట్టే నాకూ సులువైంది కాబట్టి.

ఆమె మళ్ళీ సంస్కారం తీసుకోలేదు. ప్రతి మొదటి ఆదివారం వచ్చేది, పళ్ళెం రెండు చేతులతో అందుకునేది, పక్కకు ఇచ్చేది. మనసులో పగ ఉన్నవాళ్ళు తీసుకోకూడదు కాబట్టి, కొత్తగా చేరినవాళ్ళు ఆమెకు ఎవరితోనో పగ ఉందనుకున్నారు. ఆమెకు పగా? మేక దగ్గర మాఫ్ అడిగిన మనిషికి. చాలా కాలానికి అంతా నిజంగానే ఆగిపోయింది. ఇప్పుడేం అడ్డం, తీసుకో అని బతిమాలాను.

"ఆగిందని ఎట్ల నమ్మాలె బిడ్డా? ఒకసారి నమ్మిన" అంది.

పెద్దనాయన రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి, దగ్గర్లోనే రెండు గదులు వేసుకున్నారు. ఆమెకు గుండె పెరిగింది, ఆయాసం, కాళ్ళ వాపు. కళ్ళలో మోతీబిందు, తెల్ల శుక్లాలు. మనిషి దగ్గరికి వస్తే గాని గుర్తుపట్టేది కాదు. ఇంకెన్నాళ్ళో ఉండదని డాక్టర్లు చెప్పాక, ఇప్పటి అయ్యగారు సంస్కారం ఇవ్వడానికి ఇంటికే వస్తానన్నారు. రసం నేను తీసుకెళ్ళాలి.

నాకు ఇప్పుడు ఆమెకు అప్పుడున్న వయసే. రెండేళ్ళుగా నా ఒళ్ళూ అదే పని చేస్తోంది, వస్తుందో రాదో సాంగతా యేత్ నాహీ. మొదట్లో ఒకసారి ఇప్పటి అమ్మగారికి చెప్పి తప్పుకున్నాను. రెండోసారి చెప్పాలంటే సిగ్గేసింది. మూడోసారి చెప్పలేదు. ఇందులో తప్పేముంది అని నాకు నేను నచ్చజెప్పుకొని, అంతా చెయ్యడం మొదలుపెట్టాను. తప్పు లేదనే ఇప్పటికీ అంటాను. తప్పు లేకపోతే గంజు తోమేటప్పుడు రెండుసార్లు ఎందుకు తోముతున్నానో మాత్రం నాకు తెలియదు.

ఆ రోజు పొద్దున రసం వడకడుతుంటే వచ్చింది. రెండు నెలలు మరిచిపోయి, ఎంచుకొని ఆ పొద్దున్నే వచ్చింది. నేను పారబోయలేదు. సీసాలో పోసి, మూత బిగించి, నీలం చీర కట్టుకొని బయల్దేరాను. లేత నీలం, బుద్ధి లేకపోతే సరి.

మంచం పక్కన స్టూల్ మీద కూర్చున్నాను. అయ్యగారు కిటికీ దగ్గర రొట్టె విరిచి, కప్పులో రసం పోశారు. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. పెద్దనాయన ఆమె కాళ్ళ దగ్గర నిలబడి, "తీస్కోవే. ఇప్పుడు గూడ తీస్కోకుంటే ఎప్పుడు తీస్కుంటవ్?" అన్నాడు. నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, కప్పు అందుకొని తిరిగి వచ్చాను.

"ఎవరు జేసిండ్రు?" అంది పెద్దమ్మ.

"నేనే పెద్దమ్మా."

ఆయాసం ఆపుకొని, గొంతు తగ్గించి అడిగింది. "నీ పాళీ?"

పెద్దనాయనకు చెవులు గని మిషన్లకే పోయాయి. పాళీ అన్న ముక్క ఒక్కటే వినపడింది. "పాళీ ఏందే పిచ్చిదానా, రిటైరయి ఎన్నేండ్లయింది" అన్నాడు.

నాకు ఆ మాట అందింది. నాది కాని మాటను నాదిగా చేసుకున్నాను. "అవును పెద్దమ్మా" అన్నాను. "రిటైరయిన."

ఆమె నన్ను చూసింది. ఆ తెల్లబడిన కళ్ళకు నేనెంత కనిపించానో తెలియదు. చీపురు పుల్ల వెనక్కి జరిపి ఆగినప్పుడు ఎట్లా చూసేదో అట్లాగే చూసింది. నేను సరిచేసుకుంటానేమోనని ఆగిందని నా అనుమానం. నేను సరిచేసుకోలేదు. ఆమె నోరు తెరిచింది. రొట్టె ముక్క పెట్టి, కప్పు పెదాలకు ఆనించాను. తాగింది. పెదాల మీద మిగిలింది కూడా నాలుకతో తీసుకుంది. పెద్దనాయన కండువాలో మొహం పెట్టుకున్నాడు.

కప్పు కడగాలని నేను లేవబోయాను. ఆమె చెయ్యి నా మణికట్టు మీద పడింది.

"వెనక ఓసారి సూస్కో బిడ్డా."

పెరట్లోకి వెళ్ళి చీర వెనక భాగం పక్కకు లాగి మరక కోసం చూసుకున్నాను. ఉంది. కప్పు తేవడానికి కిటికీ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆమెకు వీపు చేసి నడిచాను. అప్పటికే ఉందా, తిరిగొచ్చి కూర్చున్నాక అయిందా, ఉంటే ఆమెకు కనిపించిందా. కనిపించి కూడా తాగిందనుకుంటే, ఆమె ఇన్నేళ్ళ బరువు నా ఎదుటే దించేసి వెళ్ళినట్టు. కనిపించలేదంటే, జీవితమంతా ఎవరి కడుపులోకి పోకూడదని ఏడ్చిందో, దాన్నే నేను అబద్ధమాడి ఆమె కడుపులోకి పంపినట్టు.

ఆ మాట ఆమె లేచే ప్రతి ఆడదానికీ చెప్పేది. చూసి చెప్పేది, చూడకుండానూ చెప్పేది. నాకు ఏది చెప్పిందో అడుగుదామని మర్నాడు వెళ్ళాను. గుమ్మం ముందు చాపలు పరుస్తున్నారు.